వానపాము చచ్చింది, అయితే?

పద్నాలుగేళ్లలో నా చేతుల మీదుగా ఎన్ని వానపాములు చచ్చాయో మొన్నొక రాత్రి నిద్రపట్టక లెక్క వేశాను. గుంటూరులో ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెబుతాను. బి.ఫార్మసీ ఆఖరి ఏడాది పిల్లల ప్రాజెక్టుల్లో ఏటా రెండు ‘క్రిమిహర గుణం’ మీదే, అంటే పేగు పురుగుల్ని చంపే గుణం మీదే ఉంటాయి. ఒక్కో ప్రాజెక్టుకి పది గాజు పళ్లేలు, పళ్లేనికి ఆరు పాములు. మొత్తం 1,680 తేలింది. ఇన్ని ప్రాణాలు తీసి ఏం కనిపెట్టావని ఎవరన్నా అడిగితే నా దగ్గర గట్టిగా ఒక్క వాక్యం లేదు.

ఫార్మసీ వాసన తగలని వాళ్ల కోసం ఆ ప్రయోగమేంటో చెప్పాలి. తడినేల తవ్వి తెచ్చిన వానపాముల్ని సెలైన్‌లో కడుగుతాం. ఏదో ఒక ఆకు నీడన ఎండబెట్టి, పొడి కొట్టి, ఆల్కహాల్‌తో ఒకసారి, నీళ్లతో ఒకసారి సారం తీస్తాం. ఒక్కో సారాన్ని మిల్లీలీటరుకి 25, 50, 100 మిల్లీగ్రాముల చొప్పున మూడు పళ్లేల్లో పోస్తాం. పోల్చుకోడానికి ఇంకో మూడింట్లో పేగు పురుగులకి వాడే స్టాండర్డ్ మందు, పిపరజీన్ గానీ ఆల్బెండజోల్ గానీ. మిగిలిన ఒక్క దాంట్లో ఉత్త సెలైన్. పాముల్ని వేసి స్టాప్‌వాచ్ నొక్కడమే. గట్టిగా కదిపితే తప్ప కదలకపోతే పక్షవాతం వచ్చినట్టు. 50 డిగ్రీల వేడినీళ్లలో ముంచినా ఉలక్కపోతే చచ్చినట్టు. ఆ నిమిషాల లెక్కలు పట్టికలో పెట్టి, కింద ‘ఈ మొక్కకు గణనీయమైన క్రిమిహర గుణం కలదు’ అని రాస్తాం. వైవాలో ఎగ్జామినర్ గారు ‘వానపామే ఎందుకమ్మా?’ అంటారు. ‘మనిషి పేగుల్లో ఉండే ఏలికపాముతో శరీర నిర్మాణంలో, పనితీరులో పోలిక ఉంది సార్’ అని పిల్లలు అప్పజెబుతారు. ఆ వాక్యం వాళ్లకి నేర్పింది నేనే. నాకు మా మేడమ్ నేర్పారు.

మా తమ్ముడు ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్లోనే ఉంటాడు. నల్ల తామర పురుగు మిరపతోటల్ని ఊడ్చేసిన ఏడాది తర్వాత వాడికి మిరప మీద మనసు విరిగింది. చేలో షెడ్డు వేసి, ఊక పరిచి, నాటుకోళ్లు పెట్టాడు. పోయిన ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఆరు వందల పిల్లలు, నాలుగో వారం. పొద్దున్నే ఫోను.

“అక్కా, రెట్టలో రక్తం పడతాంది. కాక్సీ అంటన్నారు.”

కాక్సీ అంటే కాక్సిడియోసిస్, కోళ్లకి వచ్చే రక్తపారుడు. డాక్టరు గారికి చూపించరా అన్నాను. చూపించాడట, దానికి వాడే ఆంప్రోలియం రాసిచ్చారట. అది వాడకుండా, తెలిసినవాళ్లు చెప్పారని మూలికల ద్రావణం ఒకటి లీటరు సీసా తెచ్చాడు. కాక్సీకీ నట్టలకీ (పేగు పురుగులకీ) రెండిటికీ అదే మందు. సీసాతో పాటు ఇచ్చిన కరపత్రం ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. “నీ సబ్జెక్టే గదా, చూసి చెప్పు.”

చూశాను. ‘ల్యాబొరేటరీలో రుజువైనది’ అని పెద్దక్షరాలు. కింద ఒక పట్టిక. 25, 50, 100. పక్షవాతానికి పట్టిన సమయం, మరణానికి పట్టిన సమయం. మా కాలేజీ లైబ్రరీలో నల్ల అట్టలతో బైండు చేసి పెట్టిన ప్రాజెక్టు రిపోర్టుల్లో ఏది తెరిచినా ఆ పట్టికే ఉంటుంది. రక్తపారుడు తెచ్చే జీవి కంటికే ఆనదు, ఒంటికంతా కలిపి ఒకే కణం. దాన్ని చంపుతుందని చెప్పడానికి జానెడు వానపాముని చంపి చూపించారు. నవ్వుదామనుకున్నాను గానీ, అలాంటి పట్టికల కింద గైడుగా నా సంతకాలు ఇరవై ఎనిమిది ఉన్నాయి.

కాక్సీ సంగతి తర్వాత. ముందు నట్టల విషయంలోనన్నా ఆ పట్టిక నిలుస్తుందా? ఇన్నేళ్లు పాఠం చెప్పిన మనిషిగా నా అభిప్రాయం: నిలవదు. వానపాముకీ ఏలికపాముకీ ఉన్న పోలిక రెండూ సన్నగా పొడుగ్గా ఉండటమే. వానపాము ఒళ్లంతా కణుపులు కణుపులు, ఎర్రటి రక్తం, పల్చటి తడి చర్మం. అది ఊపిరి పీల్చేదే ఆ చర్మంతో. కోడి పేగులో ఉండే ఏలికపాము అస్కారిడియా గల్లికి కణుపుల్లేవు, రక్తనాళాల్లేవు. పేగులోని జీర్ణరసాలకి తట్టుకునేలా ఒంటి చుట్టూ మందపాటి పొర ఉంటుంది. ఊపిరి పీల్చే చర్మం మీద చిక్కటి ఆకురసం పోస్తే ఏ ప్రాణి బతుకుతుంది? ఒకసారి పిల్లలు భోజనానికి వెళ్లినప్పుడు, మిగిలిన ఆరు పాముల్ని పది శాతం ఉప్పునీళ్లలో వేశాను. స్టాండర్డ్ మందుగా పెట్టిన పిపరజీన్ కంటే ఉప్పే ముందు చంపింది. ఆ లెక్కన మా వంటింట్లో ఉప్పు జాడీ మీద కూడా ‘ల్యాబొరేటరీలో రుజువైనది’ అని అతికించుకోవచ్చు. అది జరిగి ఆరేళ్లు. అయినా మరుసటి ఏడాది మళ్లీ అవే ప్రాజెక్టులు చేయించాను.

స్టాండర్డ్ మందుల సంగతి ఇంకా విచిత్రం. పిపరజీన్ పురుగుని చంపదు. దాని కండరాల్ని సడలిస్తుంది, పట్టు తప్పిన పురుగుని పేగు తన కదలికతో బతికుండగానే బయటికి నెట్టేస్తుంది. అలాంటి మందుకి మేం ‘మరణ సమయం’ రాస్తాం. ఆల్బెండజోల్ నీళ్లలో కరగనే కరగదు. పళ్లెం అడుగున సుద్దలా పేరుకుంటుంది. అది పురుగు కణాల్లోని ట్యుబ్యులిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని, ఆహారం ఒంటబట్టకుండా మెల్లగా, రోజుల తరబడి మాడుస్తుంది. మా రిపోర్టుల్లో మాత్రం ముప్పావు గంటలో చంపేసినట్టుంటుంది. అసలు చంపింది మందా, అందులో కలిపిన ఇంకేదైనా పదార్థమా, ఏప్రిల్‌లో ఏసీ లేని మా ల్యాబు వేడా అని ఎవరం అడగలేదు.

ఇక మోతాదు. మిల్లీలీటరుకి వంద మిల్లీగ్రాములంటే పది శాతం, మేత మందుల భాషలో లక్ష పీపీఎం (పది లక్షల భాగాల్లో లక్ష). కాక్సీకి మేతలో కలిపే డైక్లాజురిల్ 1 పీపీఎం, మదురామైసిన్ 5, సాలినోమైసిన్ 60, ఆంప్రోలియం 125. నూట పాతిక ఎక్కడ, లక్ష ఎక్కడ? కోడి రోజుకి రెండు వందల మిల్లీలీటర్లు తాగుతుందనుకుంటే, పళ్లెంలో ఉన్నంత చిక్కగా ఇవ్వాలంటే రోజుకి ఇరవై గ్రాముల సారం దాని గొంతులో పోయాలి. కడుపులో పేగు రసాలు కలిసి, కాలేయం కొంత విరిచేసి, మిగిలింది పురుగు దాకా ఎంత పోతుందన్నది ఆ తర్వాతి లెక్క.

సాలినోమైసిన్ పేరు ఊరికే ఎత్తలేదు. ఫొటో చూసిన ఆదివారం ఊరెళ్లాను. పిల్లలు కోలుకున్నాయి. అరవై పైన పోయాయి గానీ, మిగిలినవి తిరుగుతున్నాయి, గింజ తింటున్నాయి. “చూశావా, మూలికల మందు పనిచేసింది” అన్నాడు తమ్ముడు. షెడ్డు మూలన ఖాళీ మేత సంచులు మడిచి పెట్టి ఉన్నాయి. ఒకటి విప్పి వెనక చీటీ చదివాను. సన్నక్షరాల్లో, అందులో కలిపినవాటి వరసలో, సాలినోమైసిన్. అంటే మొదటి రోజు నించీ కాక్సీ మందు తింటూనే ఉన్నాయి. అయినా జబ్బు వచ్చిందంటే ఆ మందుకి అక్కడి క్రిమి అలవాటు పడిందా, మేత తగ్గి మందు కూడా తగ్గిందా, తడిసిన ఊకలో క్రిమి మందుని మించిపోయిందా? ఏదైనా కావచ్చు. తగ్గిందంటే ఎవరి వల్ల తగ్గింది? పైగా కాక్సీకి ఒక గుణముంది. కోడి మళ్లీ మళ్లీ మింగకపోతే అది దానంతటదే వారం రోజుల్లో చక్రం పూర్తి చేసుకుని వెళ్లిపోతుంది, బతికిన పిల్లకి రోగనిరోధక శక్తి ఇచ్చి మరీ. జలుబుకి మందు వాడితే వారం, వాడకపోతే ఏడు రోజులన్న పాత జోకు కోళ్లకీ వర్తిస్తుంది. అయిదో రోజున ఏం పోసినా, ఆఖరికి కృష్ణ కాలవ నీళ్లు పోసినా, పేరు దానికే వస్తుంది.

“మరి పనిచేసిందో లేదో ఎట్టా తెలుస్తది?” అన్నాడు.

మంచి ప్రశ్న. ఫార్మకాలజీ పీజీ చేసిన నాకు కోడి విషయంలో దానికి జవాబు తెలీదు. గన్నవరం వెటర్నరీ కాలేజీలో పారాసైటాలజీ చదివిన నా ఇంటర్ స్నేహితురాలు విజయవాడలో ఉంటే వెళ్లి రెండు ఆదివారాలు బుర్ర తిన్నాను. (వారధి మీద ట్రాఫిక్‌లో పోయిన టైము కూడా కలిపితే మూడు.)

తను ముందు మైక్రోస్కోపులో ఊసిస్ట్ చూపించింది. కాక్సీ క్రిమి, అంటే ఐమీరియా, రెట్టలో బయటికి వచ్చే రూపమది. కోడిగుడ్డులా చక్కటి అండాకారం, చుట్టూ రెండు పొరల గోడ. బయటపడ్డప్పుడు దానికి రోగం తెచ్చే శక్తి ఉండదు. వెచ్చదనం, తేమ, గాలి, మూడూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో లోపల నాలుగు గదులుగా, గదికి రెండు పిల్లలుగా చీలుతుంది. అప్పుడు కోడి మింగితే ఆ ఎనిమిదీ పేగు గోడ కణాల్లోకి దూరతాయి. మా తమ్ముడి షెడ్డులో ముసురు పట్టినప్పుడే ఎందుకు వచ్చిందో అక్కడ అర్థమయింది. ల్యాబులో ఇదే పని నారింజ రంగు పొటాషియం డైక్రోమేట్ ద్రావణంలో చేయిస్తారు, రెండున్నర శాతం. బాక్టీరియా కుళ్లబెట్టకుండా అది కాపాడుతుంది.

“దీంట్లో ఆకు రసం కలిపి, ఊసిస్టులు చీలకుండా ఆపింది కాబట్టి కాక్సీకి మందు అంటారు కొంతమంది” అంది. “అది ఊకలో చల్లడానికి పనికొస్తుందేమో. కోడి కడుపులో మందు పనిచేయాల్సిన చోటు వేరు. అక్కడ క్రిమి పేగు కణం లోపలుంటుంది.”

దానికి దగ్గరగా చూడాలంటే కణాల పెంపకం కావాలి. ఊసిస్టుల్ని గాజు పూసలతో పగలగొట్టి, ట్రిప్సిన్, పిత్త లవణాలు పోసి, కోడి ఒంటి వేడి అయిన 41 డిగ్రీల దగ్గర ఉంచితే లోపలి పిల్లలు బయటికొస్తాయి. వాటిని ఆవు మూత్రపిండం నించి పెంచిన ఎండీబీకే కణాల మీద వదిలి, మందు ఉంటే ఎన్ని దూరాయి, లేకపోతే ఎన్ని దూరాయి అని లెక్కిస్తారు. సాలినోమైసిన్ లాంటివి ఎలా పనిచేస్తాయో ఈ పద్ధతిలో బాగా కనపడుతుంది. సోడియాన్ని క్రిమి లోపలికి మోసుకుపోతాయి, దాన్ని బయటికి తోడలేక క్రిమి అలిసి, ఉబ్బి పోతుంది. బాగుంది. అయితే ఈ కణాల్లో ఐమీరియా మొదటి మెట్టు దాటి పోదు, గాజుసీసాల్లో తరతరాలుగా పెంచే దారి లేదు. ఊసిస్టులు ఫ్రిజ్‌లో కొన్ని నెలలుంటాయి, తర్వాత బలం తగ్గుతుంది. మళ్లీ బతికున్న కోడిపిల్లల్లో ఎక్కించి కొత్తవి తీసుకోవాల్సిందే. చివరికి ఏ దారిలో వెళ్లినా కోడి దగ్గరికే రావాలి.

కోడితో చేసే పరీక్ష ఆమె చెబుతుంటే నాకు మా పళ్లేలు గుర్తొచ్చి సిగ్గేసింది. ఒక్క రోజు వయసున్న కోడిపిల్లల్ని తెచ్చి ఊక లేకుండా తీగల నేల మీద, కాక్సీ సోకకుండా పెంచుతారు. మేత విడిగా, ఏ మందూ కలపకుండా ఆడించుకోవాలి. (ఇక్కడే బజారు మేతతో చేసే ప్రయోగాలన్నీ మునుగుతాయి.) రెండో వారానికి తూకం వేసి గుంపులు చేస్తారు. ఒక గుంపుకి క్రిమీ లేదు, మందూ లేదు. ఒకదానికి క్రిమి ఉంది, మందు లేదు. మిగిలినవాటికి రెండూ. క్రిమిని లెక్కపెట్టి, పిల్లకి ఇన్ని ఊసిస్టులని గొంతులో పోస్తారు. ఆరేడు రోజులకి తూకం చూసి, కోసి, పేగు చివర రెండు సంచుల్లా ఉండే సీకాని విప్పి మార్కులు వేస్తారు. 1970లో జాన్సన్, రీడ్ అనే ఇద్దరు పెట్టిన మార్కులు ఇప్పటికీ అవే. ఏమీ లేకపోతే 0. అక్కడక్కడా రక్తపు చుక్కలుంటే 1. రక్తం కనపడుతూ గోడ కాస్త మందమైతే 2. రక్తం బాగా నిండి, లేదా జున్నులా గడ్డకట్టి, గోడ బాగా మందమైతే 3. సంచి ఉబ్బిపోయి ఉంటే 4. ఆ జబ్బుతో చచ్చిన పిల్లకీ 4. మార్కులు వేసే మనిషికి ఏ పిల్ల ఏ గుంపుదో తెలియకూడదు. తెలిస్తే మనసు 3ని 2 చేస్తుంది, మనకి తెలీకుండానే.

ఈ పరీక్షకి నేను నమస్కారం పెట్టేది మార్కుల వల్ల కాదు, ‘క్రిమి ఉంది, మందు లేదు’ అన్న ఆ గుంపు వల్ల. ఆ గుంపు జబ్బుతో చిక్కిపోతేనే మందు పొందిన గుంపు చిక్కిపోకపోవడానికి అర్థం. మందు లేని గుంపు కూడా నిక్షేపంగా ఉంటే, మనం ఎక్కించిన క్రిమికే బలం లేదన్నమాట. అప్పుడు ఏ మందూ రుజువు కాలేదు. మా వానపాముల ప్రయోగంలో ఉత్త సెలైన్ పళ్లెం ఉంది గానీ, అందులో పాముకి జబ్బు లేదు. అసలు అక్కడ జబ్బే లేదు, నయం చేయడానికి.

ఇదంతా తమ్ముడికి చెబితే వాడు అడ్డం తిరిగాడు. “రక్తం కారతా ఉంటే మందు పొయ్యకుండా చూస్తా కూచోడానికి ఆ పిల్లలేం పాపం చేసినయ్?” నాకు వెంటనే జవాబు రాలేదు. ఇప్పటికీ పూర్తిగా రాలేదు. ఎథిక్స్ కమిటీలున్నది ఆ ప్రశ్న అడగడానికే. ఒకటి మాత్రం అన్నాను. ఆ పరీక్ష జరగని మందు సీసాలు గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఎన్ని షెడ్లలో పోస్తున్నారో, అక్కడ పిల్లలు మందు పోసినా పోయనట్టే రక్తం కారుస్తున్నాయి. ఒప్పుకోలేదు వాడు. కాక్సీ జోలికి పోవద్దని ఇద్దరం అనుకున్నాం. నట్టల మీద చూద్దామన్నాడు, అవి పెద్ద కోడిని వెంటనే చంపవు కాబట్టి.

వాడి దగ్గర ఊరి మీద తిరిగే పెద్ద కోళ్లు పద్దెనిమిది ఉన్నాయి, సంక్రాంతి లోపు ఎలాగూ కోతకి పోయేవే. ఆరు ఆరు చొప్పున మూడు గుంపులు. మొదటి దానికి మూలికల ద్రావణం, సీసా మీద చెప్పినన్ని రోజులు. రెండో దానికి డాక్టరు గారు చెప్పిన మోతాదులో లెవమిసోల్ అనే నట్టల మందు. మూడో దానికి ఏమీ లేదు. ఒక్కో కోడి ఒక్కో తీగల పెట్టెలో. అయిదు రోజులు పడిన రెట్టంతా టీ జల్లెడలో కడిగి, పడిపోయిన ఏలికపాముల్ని ఏరి లెక్కపెట్టడం, ఆఖర్న కోసి, పేగు కుళాయి కింద చీల్చి, లోపల మిగిలినవి లెక్కపెట్టడం. పడినవాటిని మొత్తంతో భాగించి వందతో గుణిస్తే మందు పనితనం. రెట్టలో పురుగు గుడ్ల లెక్క చూడొచ్చు గదా అంటే, నా స్నేహితురాలు వద్దంది. ఆ గుడ్లు లెక్కపెట్టే మెక్‌మాస్టర్ గాజు పలకలో రెండు గదులు కలిపినా 0.3 మిల్లీలీటర్లే పడుతుంది. రెండు గ్రాముల రెట్టని 30 మిల్లీలీటర్లు అయ్యేలా ఉప్పు ద్రావణంలో కలిపితే, కనపడిన ఒక్కో గుడ్డుకీ గ్రాముకి 50 అని లెక్క. అంటే ఒక్క గుడ్డూ కనపడలేదంటే సున్నా అని కాదు, యాభైకి తక్కువ ఉండొచ్చని. పైగా అస్కారిడియా గుడ్డు, కోడి పేగులోనే ఉండే ఇంకో పురుగు హెటరాకిస్ గుడ్డు పక్కపక్కన పెడితే విడదీయడం తనకే కష్టమంది.

టీ జల్లెడ విషయంలో మా మరదలు నాతో మూడు రోజులు మాట్లాడలేదు.

లెక్కలు ఇవి. లెవమిసోల్ గుంపులో పడినవి 38, లోపల మిగిలినవి 2. తొంభై అయిదు శాతం. మూలికల గుంపులో పడినవి 4, మిగిలినవి 31. పదకొండు శాతం. ఇక్కడితో ఆగి ఉంటే ‘కొంచెం పనిచేస్తుందిలే’ అనుకునేవాళ్లం. ఏమీ ఇవ్వని గుంపులో పడినవి 3, మిగిలినవి 36. ఎనిమిది శాతం. ఉత్తపుణ్యానికే అన్ని పడతాయి. పదకొండుకీ ఎనిమిదికీ మధ్య ఉన్నది ఒక పురుగు. గుంపుకి ఆరు కోళ్లతో ఏదీ శాస్త్రంగా రుజువు కాదు, పత్రికకి పంపితే నవ్వుతారు. కానీ ఇది కోడిలో, కోడి పురుగు మీద చేసినది. నా 1,680 పాములూ కలిపి నేర్పనిది ఈ పద్దెనిమిది కోళ్లు నేర్పాయి. లెవమిసోల్ తిన్న ఆరింటినీ తినకుండా పాతిపెట్టేసరికి తమ్ముడి ప్రాణం ఉసూరుమంది. మందు ఒంట్లోంచి పోవడానికి గడువుంటుంది, అప్పటిదాకా ఆ మాంసం తినకూడదు.

ఇదంతా చదివి నేను మూలికలకి శత్రువునని అనుకోకండి. 2015 నోబెల్ వైద్య బహుమతి సగం టు యూయూకి వచ్చింది, మాచిపత్రి జాతి మొక్క నించి ఆర్టెమిసినిన్ తీసినందుకు. ఆమె బృందం సారాన్ని 1971లో పరీక్షించింది మలేరియా సోకిన ఎలుకల మీద. మిగతా సగం కాంప్‌బెల్, ఓమురాలకి, ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందుకి మూలమైన అవర్‌మెక్టిన్ కోసం. జపాన్ మట్టిలోని సూక్ష్మజీవి ద్రవాన్ని వాళ్లూ పేగు పురుగులున్న ఎలుకల మేతలో కలిపి పెట్టారు. ఆ ఏడాది బహుమతి తెచ్చిన రెండు మందులూ జబ్బున్న ప్రాణిలో దొరికినవే. (మలేరియా క్రిమీ కాక్సీ క్రిమీ దూరపు చుట్టాలు కూడా.)

మా స్టాఫ్ రూములో ఈ మాట ఎత్తితే పెద్ద రభస. “మేడమ్, ఆరు నెలల ప్రాజెక్టు. ఎలుకకైతే ఎథిక్స్ కమిటీ అనుమతి, యానిమల్ హౌస్, ఖర్చు. వానపాముకి ఎవరూ ఏమీ అడగరు. పిల్లలకి డోసు కలపడం, టైము చూడటం వస్తుంది గదా” అని ఒక సీనియర్ సార్ అన్నారు. నిజమే, వస్తుంది. డోసు కలపడం నేర్పడానికే అయితే రిపోర్టులో ఆ ముక్కే రాయాలి, ‘క్రిమిహర గుణం కలదు’ అని ఎందుకు రాయాలి? ఆ వాక్యమే ఎక్కడో కరపత్రమై మా తమ్ముడి షెడ్డుకి వచ్చింది.

ఖర్చు లేని దారి ఒకటుంది. ఆదివారం నాటుకోళ్లు కోసే దుకాణాల దగ్గర పేగులు ఊరికే పారేస్తారు. బ్రాయిలర్ దుకాణాల్లో వెతకొద్దు, నలభై రోజుల పిల్లలో ఏలికపాములు సాధారణంగా దొరకవు. ఊళ్ల నించి వచ్చిన ముదురు కోళ్ల పేగులు చీలిస్తే పది కోళ్లలో ఏ నాలుగింట్లోనో ఉంటాయి. కోడిని మనం చంపలేదు, కూరకి కోశారు. గోరువెచ్చని సెలైన్ ఫ్లాస్కులో వేసుకుని ల్యాబుకి తెచ్చి, 41 డిగ్రీల నీళ్ల తొట్టిలో పెట్టి చూడొచ్చు. ఈ ఏడాది ఇద్దరు అమ్మాయిలతో అలా చేయించాను. వానపాముని అరగంటలో చంపిన ఆకు సారమే, అంతే మోతాదు. పొద్దున పదింటికి వేసిన అస్కారిడియాలు సాయంత్రం నాలుగున్నరకి, కాలేజీ బస్సు హారన్ కొట్టేటప్పుడు కూడా మెలికలు తిరుగుతూనే ఉన్నాయి. “మేడమ్, రిజల్టు రాలేదు” అని ఒకమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. వచ్చిన రిజల్టు అదేనని నచ్చజెప్పడానికి నాకు వారం పట్టింది. ఇదీ పూర్తి పరీక్ష కాదు, కోడి బయటి మాటే. కాకపోతే కనీసం పురుగు ఆ పురుగు.

బద్దెపురుగుల దగ్గర మాత్రం ఈ దారి కూడా సరిపోదు. అది రిబ్బనులా పొడుగ్గా ఉంటుంది, కొత్త ముక్కలు పుట్టేది తల దగ్గర. తల గుండుసూది మొన కంటే కాస్త పెద్దది, పేగు గోడని కొక్కేలతో పట్టుకుని ఉంటుంది. నాటుకోళ్లలో ఉండే ఒక రకం బద్దెపురుగు, రాయిలెటినా ఎకైనోబోత్రిడా, తల పెట్టిన చోట పేగు గోడకి చిన్న చిన్న గడ్డలు లేపుతుంది. మందుకి ఒళ్లంతా తెగి బయట పడినా తల మిగిలితే కొన్ని వారాల్లో మళ్లీ రిబ్బను. అందుకే రెట్టలో మూరెడు రిబ్బను పడిందని సంబరపడకూడదు, కోసి తలలు వెతకాలి.

ఇది తమ్ముడికి చెప్పాను. వాడి పక్క చేనాయన పందెం కోళ్లు పెంచుతాడు, బద్దెపురుగులకి వక్కపొడి మించింది లేదంటాడు. కొట్టిపారేయలేం. వక్కలోని అరెకోలిన్‌ని ఒకప్పుడు కుక్కల బద్దెపురుగులకి వెటర్నరీ డాక్టర్లే వాడేవారు. తమ్ముడు రెండు కోళ్లకి పెట్టాడు. మర్నాడు రెట్టలో తెల్లటి రిబ్బన్లు, ఫొటోల మీద ఫొటోలు, “ఇదైతే పనిచేసిందక్కా, నువ్వేమన్నా అను” అని వాయిస్ మెసేజీ.

మొన్న ఆదివారం వాటిలో ఒకదాన్ని కూరకి కోశారు. పేగు వాడే చీల్చాడట, కుళాయి కింద, సెల్‌ఫోను టార్చి వేసుకుని. నేను బ్రాడీపేటలో కూరగాయలు కొంటుంటే ఫోను వచ్చింది.

“అక్కా, రిబ్బన్లేం లేవు, శుభ్రంగానే ఉంది. కానీ లోపల గోడకి ఆవగింజల్లాగా గడ్డలున్నయ్. అయ్యేంటియ్?”